మొండి బిడ్డకు మందు తల్లిదండ్రుల చేతిలోనే

బిడ్డ మాట వినడం లేదంటే మన పల్లెల్లో తెలిసిన మందులు మూడే. ఒకటి బెత్తం, రెండోది తాయెత్తు, మూడోది ఈ మధ్య వచ్చిన సెల్‌ఫోను. బెత్తం తీస్తే బిడ్డ ఆ పూటకు జడుస్తాడు. తాయెత్తు కడితే తల్లి మనసు కొంత కుదుటపడుతుంది. ఫోను చేతికిస్తే ఇల్లు కాసేపు సద్దుమణుగుతుంది. కాని ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బిడ్డకు మాట వినడం నేర్పదు. నాలుగో మార్గం ఒకటున్నది. అందులో ముందుగా నేర్చుకోవలసింది బిడ్డ కాదు, తల్లిదండ్రులు. ఆ నేర్పు పట్టణాల ఆసుపత్రులకే పరిమితం కాకుండా పెద్దముడియం వంటి మండలాల అంగన్‌వాడీ కేంద్రాలకు రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

రెండు మూడేళ్ల పిల్లలు మారాం చేయడం వింత కాదు. ఆ వయసులో అందరూ చేసేదే. అయితే అడిగింది ఇవ్వకుంటే నేలకు తల కొట్టుకోవడం, తోటి పిల్లలను కొరకడం, పెద్దల మీద చేయి చేసుకోవడం, ఏ మాట చెప్పినా ఎదురు తిరగడం రోజూ జరుగుతూ నెలల తరబడి సాగితే దాన్ని సమస్యగానే చూడాలి. ఇటువంటి బిడ్డను ఊరు ‘మొండి ఘటం’ అంటుంది. తల్లిని ‘పెంచడం చేతకాలేదు’ అంటుంది. ఈ రెండు మాటల వల్లా ఎవరికీ మేలు జరగలేదు.

పక్కనుండి నేర్పే చికిత్స

1970 దశకంలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో షీలా ఐబర్గ్ అనే మనస్తత్వ నిపుణురాలు ఇటువంటి పిల్లల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దాన్ని ఇంకా పెంపొందించారు. దాని పేరు పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. రెండేళ్ల నుంచి ఏడేళ్ల వయసు పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఇందులో మాత్రలు లేవు, సూదులు లేవు. ఒక గదిలో తల్లి, బిడ్డ ఆడుకుంటూ ఉంటారు. అద్దం అవతల నిలబడి నిపుణుడు వారిని గమనిస్తుంటాడు. తల్లి చెవిలో చిన్న యంత్రం ఉంటుంది. ‘ఇప్పుడు మెచ్చుకోండి’, ‘ఆ అల్లరిని చూడనట్టు ఉండండి’, ‘ఆ మాట ఇంకొంచెం నెమ్మదిగా చెప్పండి’ అంటూ నిపుణుడు అప్పటికప్పుడు ఆమె చెవిలో చెబుతుంటాడు.

మన రైతులకు ఇది కొత్త సంగతేమీ కాదు. నల్లరేగడిలో మొదటిసారి గొర్రు పట్టిన కుర్రవాడికి ఇంట్లో కూర్చోబెట్టి పాఠం చెబితే సాలు తిన్నగా రాదు. పెద్దాయన పక్కన నడుస్తూ ‘నొక్కి పట్టు, ఎడమకు తిప్పు’ అని చెబితేనే చేయి కుదురుతుంది. బిడ్డను పెంచడమూ అంతే. ఉపన్యాసం విని నేర్చుకునే పని కాదు. కుర్రవాడికి సాలు వంకరపోతే వాడిని దోషి అనం. మరి తల్లినెందుకు అనాలి?

ఈ పద్ధతిలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఆట. రోజుకు అయిదు నిమిషాలు తల్లి గాని తండ్రి గాని బిడ్డతో కూర్చుని వాడు కోరిన ఆట ఆడాలి. ఆ అయిదు నిమిషాలూ ఆజ్ఞలు వద్దు, ప్రశ్నలు వద్దు, తప్పులు పట్టడం వద్దు. బిడ్డ మట్టితో ఎద్దును చేస్తుంటే తామూ ఒకటి చేయాలి. వాడన్న మాటను తిరిగి అనాలి. మెచ్చుకునేటప్పుడు ‘మంచోడివి’ అని ఊరుకోక, ‘చెల్లెలికి కూడా మట్టి ఇచ్చినావే, చాలా బాగుంది’ అని దేనికి మెచ్చుకుంటున్నదీ చెప్పాలి. చిన్నచిన్న అల్లరిని పట్టించుకోరాదు. కొట్టడం, వస్తువులు పగలగొట్టడం వరకు వస్తే ఆ పూటకు ఆట ఆపాలి.

ఇందులోని కిటుకు ఒక్కటే. మన ఇళ్లలో బుద్ధిగా ఆడుకునే బిడ్డ వైపు ఎవరూ చూడరు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ చుట్టూ ఇల్లంతా చేరుతుంది. ఏడిస్తేనే అందరూ తనను చూస్తారని బిడ్డ ఇట్టే గ్రహిస్తాడు. బుద్ధిగా ఉన్నప్పుడు చూడడం మొదలుపెడితే ఆ లెక్క తారుమారవుతుంది.

రెండో మెట్టు ఆజ్ఞ. ఒకేసారి నాలుగు పనులు పురమాయించరాదు. ‘చెప్పులు గూట్లో పెట్టు’ అని ఒకే పని, ఒకేసారి, నెమ్మదిగా చెప్పాలి. కాసేపు ఆగాలి. చేస్తే వెంటనే మెచ్చుకోవాలి. చేయకపోతే ఒక్కసారి హెచ్చరించాలి. అప్పటికీ వినకపోతే కళ్లెదుటే ఒక కుర్చీ మీద మూడు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత అదే పని మళ్లీ చెప్పాలి. చీకటి గదిలో పెట్టడం, కట్టివేయడం, వాతలు పెట్టడం వంటివాటికి ఇందులో తావు లేదు. ఈ రెండో మెట్టు నేర్పరి పక్కనుండగా మొదలుపెట్టవలసినది. మొదటి మెట్టు మాత్రం ఏ ఇంట్లోనైనా ఈ రోజే ఆరంభించవచ్చు.

ఒక హెచ్చరిక. అమ్మ కాదన్నది జేజి కొంగు చాటున ఇచ్చేస్తే అంతా మొదటికే వస్తుంది. తల్లిదండ్రులు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉండి, బిడ్డలు అవ్వాతాతల దగ్గర పెరిగే ఇళ్లు మన జిల్లాలో ఉన్నాయి. కాబట్టి ఈ శిక్షణ ఇంటిల్లిపాదికీ అందాలి.

కొట్టక తప్పదా?

‘మా నాయన కొట్టబట్టే మేం బాగుపడ్డాం’ అనే పెద్దలున్నారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను వారు బెత్తానికి సాక్ష్యం తెస్తారు. మొక్కను తిన్నగా పెంచేది ఊతకర్ర కట్టి గాని కర్రతో కొట్టి కాదు. బడుల్లో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో మాత్రం చట్టం ఒక్కటే చాలదు. కొట్టవద్దని తల్లికి చెప్పి, మరేం చేయాలో చెప్పకపోతే ఆమె చేతిలో ఏమీ మిగలదు.

నేర్పితే చేయి ఆగుతుందనడానికి ఆధారమున్నది. బిడ్డలను కొట్టి అధికారుల దృష్టికి వచ్చిన 110 మంది తల్లిదండ్రులను అమెరికాలో మూడు జట్లుగా చేసి చూశారు. 2004లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్లకు పైగా గమనించగా, మామూలు తరగతులకు వెళ్లిన జట్టులో 49 శాతం మందిపై మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి. ఈ పక్కనుండి నేర్పే పద్ధతిలో శిక్షణ పొందిన జట్టులో అది 19 శాతం మాత్రమే.

పల్లెకు ఎలా వస్తుంది?

అద్దాల గదులు, చెవి యంత్రాలు మన ఊళ్లలో ఎక్కడివని అడగవచ్చు. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను డాక్టర్లు కాని కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నేర్పించారు. తల్లిదండ్రులు బిడ్డతో మెలిగే తీరు మెరుగుపడిందని 2016లో ప్రచురించారు. జబ్బు వేరైనా దారి ఒకటే. నేర్పు ఉన్న మనిషి ఇంటి దాకా వస్తే చాలు. మన అంగన్‌వాడీ కార్యకర్తలు 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైన నాటి వ్యవస్థకు వారసులు. ఏ ఇంట ఏ బిడ్డ ఉన్నదీ వారికి తెలిసినంత మరొకరికి తెలియదు. చేతిలో ఫోను కూడా ఉన్నది. కడపలోని నిపుణుడు వీడియోలో చూస్తూ, చిన్నముడియంలోనో నెమళ్లదిన్నెలోనో ఉన్న తల్లికి ఇయర్‌ఫోనులో చెప్పడం ఈనాడు అసాధ్యమేమీ కాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ పరీక్ష బరువు, ఎత్తులతో ఆగిపోరాదు. ‘బిడ్డ ఇంట్లో ఎలా ఉంటాడు?’ అని తల్లిని ఒక్క మాట అడగాలి. మాటలు రాకపోవడం, చెవి వినపడకపోవడం, మూర్ఛలు వంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపాలి. చెవుడు ఉన్న బిడ్డను మొండివాడని కొట్టడం కన్న అన్యాయం ఉండదు.

శనగ కోతల్లో ఒక రోజు కూలి వదులుకుని, బిడ్డను చంకనెత్తుకుని కడపకు రాను పోను తిరగమంటే, అదీ వారం వారం నెలల తరబడి తిరగమంటే ఏ తల్లికి సాధ్యం? కాబట్టి స్త్రీ శిశు సంక్షేమ, వైద్య ఆరోగ్య శాఖలు కలిసి మండలంలోని కార్యకర్తలకు ఈ పద్ధతిలో శిక్షణ ఇప్పించాలి. నెలకొక రోజైనా మానసిక నిపుణుడు పెద్దముడియం వచ్చేలా ఏర్పాటు చేయాలి. తండ్రులను కూడా ఆ రోజు పిలవాలి. ఈలోగా సలహా కావలసిన వారు 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పంటకు తెగులు వస్తే వ్యవసాయ అధికారి పొలానికి రావాలని అడుగుతాం. బిడ్డ సంగతిలోనూ అదే పట్టుదలతో గ్రామసభల్లో అడగాలి. అడగని ఊరికి ఏ పథకమూ నడిచి రాదు.