మిడతల దండు: ‘వాతావరణ మార్పు’ అని రాస్తే సరిపోతుందా?

జీఎస్-3లో మిడతల దాడి గురించి అడిగితే మనలో చాలామంది రాసే మొదటి వాక్యం ‘వాతావరణ మార్పుల వల్ల’. అది తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఏ జిల్లా అధికారీ రేపు ఏం చేయాలో తేల్చుకోలేరు. ఏ మిడత, ఏ నేల, అక్కడ మనిషి ఏం చేశాడు, ఏం చేయలేదు? సమాధానంలో ఇవి ముందు రావాలన్నది నా వాదన.

ఎడారి మిడతకు వాన కావాలి. తడిసిన ఇసుక నేలలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదగడానికి పచ్చిక కావాలి. 2018 మేలో మెకును, అక్టోబరులో లుబాన్ తుపాన్లు అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిని తడిపాయి. నిఘా లేని ఆ ప్రాంతంలో మూడు తరాల మిడతలు పెరిగాయి. 2019లో అవి చేరిన యెమెన్‌లో యుద్ధం వల్ల నియంత్రణ పనులు సరిగా సాగలేదు. 2020లో మన జైపూర్, మధ్యప్రదేశ్, విదర్భ దాకా దండు వచ్చింది. తెలంగాణ సరిహద్దు జిల్లాలూ అప్రమత్తం కావాల్సి వచ్చింది.

వాన మిడతల సంఖ్యను పెంచుతుంది. దండును మాత్రం రద్దీ పుట్టిస్తుంది. పచ్చిక ఎండి కొద్ది చోట్లకే మిగిలితే, విడిగా బతికే మిడతలు అక్కడ గుమిగూడతాయి. అలా గుమిగూడినప్పుడు వాటిలో సెరటోనిన్ పెరిగి ప్రవర్తనే మారుతుందని 2009లో శాస్త్రవేత్తలు చూపారు. ఇంజినీరింగ్ భాషలో ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. ఈ దశకు ముందే పట్టుకుంటే పని చిన్నది. దాటితే ఒక చదరపు కిలోమీటరు దండులో దాదాపు 4 కోట్ల మిడతలుంటాయి. ఎఫ్‌ఏఓ లెక్క ప్రకారం అవి ఒక్క రోజులో 35 వేల మంది తినేంత తినేస్తాయి.

అన్ని మిడతలూ ఇలాగే ఉండవు. ఉత్తర అమెరికా మైదానాల్లో మిడతలు వేడి, పొడి ఏళ్లలోనే విజృంభిస్తాయి. చైనాలోని ఇన్నర్ మంగోలియా గడ్డిభూముల మీద 2012లో వచ్చిన అధ్యయనం మరో కోణం చూపింది. పశువుల మేత మితిమీరితే గడ్డిలో నత్రజని తగ్గుతుంది. అక్కడి మిడత జాతికి అలాంటి గడ్డే బాగా సరిపడుతుంది. అంటే అక్కడ మేత నిర్వహణ కూడా మిడతల నియంత్రణే.

‘వాన మన చేతిలో లేదు కదా’ అనవచ్చు. నిజమే. కానీ వాన ఎక్కడ పడిందో ఉపగ్రహం చెబుతుంది. అక్కడికి సర్వే బృందం వెళ్లడం మన చేతిలోనే ఉంది. 1939లో ఏర్పడిన మిడతల హెచ్చరిక సంస్థ రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారి ప్రాంతాన్ని చూసుకుంటుంది. దాని విలువ దండు వచ్చిన ఏడాదిలో కంటే, మిడతలు కనిపించని ఏళ్లలోనే ఎక్కువ. చీడపీడల దాడి విపత్తు సహాయ నిధుల జాబితాలో ఉంది. అయితే ఆ సాయం పంట పోయాక వచ్చేది. ఇక మన గడ్డిభూముల్లో చాలా భాగం ప్రభుత్వ రికార్డుల్లో ఇప్పటికీ ‘బంజరు’గానే ఉంది. బంజరని రాసుకున్న నేల మీద ఎంత మేత జరుగుతోందో ఎవరు లెక్కపెడతారు?

కాబట్టి ఈ ప్రశ్న వస్తే తుపానుతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. నిఘా, మేత, భూమి రికార్డు అనే మూడింటినీ చేర్చండి. వానను ఆపే అధికారి ఎవరూ లేరు. ఈ మూడింటికీ బాధ్యులు మాత్రం ఉన్నారు.