లంక చెడింది గుట్టు బయటపడినందుకేనా?

ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పసుపు కుంకుమతో పాటు మనం కట్టి ఇచ్చే సామెత ఒకటుంది. "ఇంటి గుట్టు లంకకు చేటు." ఆ సామెతను మా కొండాపూర్ ఆడవాళ్ళు ఏకంగా లండన్ రాజభవనం దాకా మోసుకెళ్ళారు. ప్రిన్స్ హ్యారీ రాసుకున్న ‘స్పేర్’ పుస్తకం పుణ్యమా అని.

2023 జనవరి 10న వచ్చింది ఆ పుస్తకం. మొదటిరోజే బ్రిటన్, అమెరికా, కెనడాల్లో కలిపి 14 లక్షలకు పైగా కాపీలు పోయాయి. మా వాకింగ్ బ్యాచ్‌లో చదివినవాళ్ళు నలుగురైతే, యూట్యూబ్‌లో విన్నవాళ్ళు నలభై మంది. అందరి తీర్పూ ఒక్కటే. కన్నతండ్రినీ, తోడబుట్టినవాడినీ బజారుకీడ్చాడు. డబ్బుకి కక్కుర్తిపడ్డాడు. చివరగా, గొంతు కాస్త తగ్గించి, "అంతా ఆ పిల్ల వచ్చాకే."

ఈ మూడో మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

ఆ పుస్తకంలో మూడు భాగాలున్నాయి. మేఘన్‌తో అతని పరిచయం మూడో భాగంలో గానీ రాదు. మరి మొదటి రెండు భాగాల్లో ఉన్నదేమిటి? 1997 ఆగస్టు 31న తల్లి పోయేనాటికి వాడికి పన్నెండేళ్ళు. లోకమంతా చూస్తుండగా ఆ పసివాడు శవపేటిక వెనక నడిచాడు. అమ్మ చనిపోలేదు, ఎక్కడో దాక్కుంది, వస్తుంది అని ఏళ్ళ తరబడి నమ్మాడు. పెద్దవాడు సింహాసనానికి, చిన్నవాడు స్పేర్, అంటే కారు డిక్కీలో పడుండే స్టెప్నీ టైరు లాంటివాడు. ఇదంతా జరిగేనాటికి కోడలు ఎక్కడుందమ్మా? ఇరవై ఏళ్ళుగా పిల్లాడి గుండెల్లో ఉన్న పుండుకి మొన్న వచ్చిన కోడలు కారణమా? మన ఇళ్ళలోనూ ఇంతే. కొడుకు నోరు విప్పితే ఆ మాట కొడుకుది కాదు, కోడలు నేర్పిందే.

ఇక గుట్టు సంగతికొద్దాం. 2018 మేలో హ్యారీ పెళ్ళి. ఆ పెళ్ళిలో తోడిపెళ్ళికూతుళ్ళుగా నిలబడే చిన్నపిల్లల గౌన్ల దగ్గర తోడికోడళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. పెళ్ళిచీరల దగ్గర గొడవ జరగని తెలుగిల్లు ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను. అదే ఏడాది నవంబరులో, మేఘన్ తన తోడికోడలిని ఏడిపించిందని పత్రికలు రాశాయి. ఏడ్చింది నేను, ఆవిడ కాదు అని మేఘన్ 2021లో టీవీలో చెప్పింది. ఎవరు ఏడ్చారో ఆ ఇంటివాళ్ళకే తెలియాలి. కానీ నాలుగు గోడల మధ్య జరిగిన మాట పత్రికలకెక్కింది ఈ పుస్తకం రావడానికి నాలుగేళ్ళ ముందే కదా? అప్పుడు మనలో ఎవరికీ లంక గుర్తుకు రాలేదేం?

ఎందుకంటే మన లెక్కలో గుట్టు అందరికీ ఒకటి కాదు. అత్తగారు బంధువులందరికీ ఫోన్లు చేసి కోడలి గురించి చెప్పుకుంటే అది మనసులో బాధ. ఆడపడుచు శ్రీమంతంలో నలుగురి మధ్య చెబితే అది మామూలు కబుర్లు. అదే కోడలు ఒక్క స్నేహితురాలితో అంటే మాత్రం పరువు పోయింది! పైనున్నవాళ్ళ మాట ఎన్ని దారుల్లో బయటికెళ్ళినా దానికి పేరుండదు. కిందున్నవాళ్ళు చెబితేనే అది రచ్చ.

అన్న తనను కొట్టి కింద పడేశాడని కూడా హ్యారీ రాశాడు. అన్నగారి వైపు మాట అందులో లేదు, నిజమే. పుస్తకం మీద డబ్బు వచ్చిన మాటా నిజమే. కొన్ని సంగతులు రాయకుండా ఉంటే బాగుండేదని చదువుతుంటే నాకూ అనిపించింది. అతను చెప్పింది అబద్ధమంటారా, ఏది అబద్ధమో చూపించండి, వింటాను. కానీ మా వాళ్ళెవరూ అబద్ధమనలేదు. "జరిగితే మాత్రం చెప్పుకుంటారా?" అన్నారు. ఆ రెంటికీ ఎంత దూరమో ఆలోచించండి. మొదటిది అనుమానం, రెండోది నోరు మూయించడం.

మన దగ్గరా ఒక పుస్తకం వచ్చింది. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’, 2012లో. ఉద్యమంలో పెద్ద నాయకుడైన భర్త కొండపల్లి సీతారామయ్య ఆవిడను విడిచి వెళ్ళాడు. కొడుకూ పోయాడు, కూతురూ పోయింది. అవన్నీ ఆవిడ రాసుకుంటే మనం కళ్ళనీళ్ళు పెట్టుకుని చదివాం, ఆ తల్లికి చేతులెత్తి మొక్కాం. మొక్కాల్సిందే. కానీ అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. భర్త పోయి పదేళ్ళయింది. అదే మాట ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు చెప్పి ఉంటే మనం ఏమనేవాళ్ళం? హ్యారీ పుస్తకం బయటికొచ్చేనాటికి అతని వయసు సరిగ్గా ముప్ఫై ఎనిమిదే. నొప్పి చెప్పుకోవడానికి తొంభై ఏళ్ళు నిండాలా, ఎదుటివాళ్ళందరూ కాటికి పోవాలా?

అసలు విభీషణుడు చేసిందేమిటి? ముందు నిండుకొలువులో అన్నకే చెప్పాడు, సీతమ్మను పంపేయమని. వినకపోగా అవమానించి పొమ్మన్నారు. ఆ తరువాతే వెళ్ళాడు. లంక చెడింది తమ్ముడు నోరు విప్పినందుకు కాదు, అన్న చేసిన పనికి. రాముణ్ణి పూజించే మనం సామెత దగ్గరకొచ్చేసరికి రావణుడి పక్షాన నిలబడ్డాం.

ఇదంతా ఎక్కడో రాజుల గొడవ అనుకోకండి. ఈ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ టవర్లలో లక్షల జీతాలు తెచ్చుకునే ఆడపిల్లలు అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అంటున్నారు. ఆ పిల్లలు మన వాకింగ్ కబుర్లు వింటూనే ఉంటారు. హ్యారీ గురించి మనం ఇచ్చే తీర్పు హ్యారీకి చేరదు. మన కూతురికి చేరుతుంది. చెబితే అమ్మ ముందు తననే తప్పు పడుతుందని దానికి అర్థమైపోతుంది.

కాబట్టి రేపు మీ పిల్లో, మీ కోడలో, మీ రెండో కొడుకో నోరు తెరిస్తే, "ఎవరికి చెప్పావు?" అని అడక్కండి. "ఏం జరిగింది?" అని అడగండి.