విద్యావిషయములు: ప్రవేశపరీక్షలో ఆంగ్లపు 50 మార్కులు



బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. పట్టములు పుచ్చుకొని, పైచదువునకు పోదమా, ఇంట కూర్చుందమా యని తలపోయు బాలికలు మన పాఠకురాండ్ర యిండ్లలో పెక్కుమంది కలరు. ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. తరగతులలో చేరగోరువారు మన రాష్ట్రమున ‘ఐసెట్’ అను ప్రవేశపరీక్షకు కూర్చుండవలెను. తెలంగాణ ఉన్నత విద్యామండలి పక్షమున ఒక విశ్వవిద్యాలయము దీనిని జరుపును. పెక్కేండ్లు వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయము జరిపినది. 2025లో నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము జరిపినది. ఈ పరీక్షలోని ఆంగ్లభాగమును గూర్చి, అందును పదజ్ఞానమును, చదివి గ్రహించుటను గూర్చి ఈ నెల ముచ్చటింప దలచితిమి.

మందమర్రి వంటి గనిపట్టణముల బాలికలను, వారి తల్లులను ముఖ్యముగా మనస్సున నుంచుకొని వ్రాయుచున్నాము. మందమర్రి కాజీపేట–బలార్షా రైలుమార్గమున మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమ నున్న సింగరేణి బొగ్గుగనుల పట్టణము. 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, పిమ్మట మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇట్టి యూళ్ళలో ఆడపిల్ల చదువునకు ఒక విశేషమైన అవసరము కలదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనికి నియమింపరాదని శాసించెను. 2019లో గాని కేంద్రప్రభుత్వము, కొన్ని నిబంధనలతో, ఆ ద్వారమును తెఱవలేదు. అన్ని యేండ్లును బొగ్గుబాయి కొడుకునకు బ్రదుకుదెరువు చూపెను గాని, కూతునకు చూపలేదు. కూతునకు చదువే దారి యయ్యెను. ఆ దారిలో అడ్డుగోడవలె కనుపించునది ఆంగ్లము.

ముందుగా ఆ గోడ యెత్తెంతయో కొలిచి చూతము. ఇటీవలి సంవత్సరముల పరీక్షలో మొత్తము 200 ప్రశ్నలు, 200 మార్కులు, కాలము 150 నిమిషములు. విశ్లేషణకు 75, గణితమునకు 75, ఆంగ్లమునకు 50. ఆంగ్లపు 50లో పదజ్ఞానమునకు 10, వాణిజ్య, కంప్యూటరు పరిభాషకు 10, వ్యాకరణమునకు 15, చదివి గ్రహించుటకు 15. మూడు గద్యఖండికల నిచ్చి ఒక్కొక్కదానిపై ఐదేసి ప్రశ్నల నడుగుదురు. తప్పు జవాబునకు మార్కులు తీసివేయరు. మొదటి రెండు భాగముల ప్రశ్నలు తెలుగున గూడ నుండును. ఈ భాగము మాత్రము కేవలము ఆంగ్లముననే యుండును. దరఖాస్తు పంపుటకు ముందు ఆ యేటి ప్రకటనను చదివి, ఈ లెక్కలలో మార్పేమైన నున్నదేమో చూచుకొనవలెను.

తెలుగు మాధ్యమున చదివిన బాలిక ఇచ్చటనే బెదరును. ‘గణితము నేర్చితిని, లెక్క చేయగలను, ఇంగ్లీషు నాకు రాదు’ అని ఆ 50 మార్కులను ముందుగనే వదలుకొనును. పిమ్మట ఎవరో చెప్పగా వేయి పదముల పట్టిక గల పుస్తకమును కొని, అ మొదలు క్ష వఱకు వల్లించినట్లు, మొదటి పుటనుండి వల్లింప నారంభించును. పదిదినములకు విసుగు పుట్టును, పుస్తకము అటకెక్కును. ఈ రెండు పద్ధతులును మంచివి కావు.

మందమర్రి బాలికకు ఆంగ్లపదములు తెలియవనుట సత్యము కాదు. పుట్టినది మొదలు అవి ఆమె చెవిని పడుచునే యున్నవి. బాపు ఏ షిఫ్టునకు పోయెను, మస్టరు పడినదా, ఏ ఇంక్లైనులో పని, ఓవర్‌మాన్ ఏమనెను అను మాటలు లేక గనికార్మికుని యింట ప్రొద్దు గడవదు. ఈ యింటిమాటలకును పరీక్షలోని పదములకును చుట్టరికము గలదు. దానిని కనుగొనుటయే పదాభ్యాసమునకు తొలిమెట్టు.

కొన్ని యుదాహరణములు చూపెదము. ‘షిఫ్టు’ అనగా ఇంట పనివేళ. పుస్తకమున అదియే క్రియయై, ఒకచోటినుండి మఱియొకచోటికి మార్చుట యగును. ‘ఇంక్లైను’ అనగా భూమిలోనికి వాలుగా దిగు గనిమార్గము. మనస్సు ఒకవైపునకు వాలినను ఆంగ్లమున ‘ఇంక్లైన్డ్’ అనియే యందురు, ఆ మొగ్గునకు ‘ఇంక్లినేషన్’ అని పేరు. బొగ్గు తీయు చోటు ‘ఫేసు’. క్రియగా నైనచో ఎదుర్కొనుట. ‘స్ట్రైకు’ అనగా సమ్మెయే కాక, కొట్టుట, మనస్సునకు తోచుట యను నర్థములును గలవు. వైద్యపరీక్షలో ‘అన్‌ఫిట్’ అనిన మాట ఎన్ని యిండ్లలో వినబడలేదు! ఆ ‘అన్’ అను ముందుచేర్పును పట్టుకొనిన, ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌సర్టెన్’, ‘అన్‌కామన్’ మున్నగు పదములు పదియైనను చేజిక్కును. ‘డిపెండెంటు’ అను మాటనుండి ఆధారపడుట, ఆధారపడకుండుట, నమ్మదగినవాడు అను నర్థములు గల ఒక కుటుంబమే బయలుదేరును.

తండ్రి జీతపు చీటి మఱియొక చక్కని పాఠము. ‘గ్రాస్’ అనగా కోతలు పోకముందటి మొత్తము, ‘నెట్’ అనగా చేతికి వచ్చునది. ‘అలవెన్సు’ అను మాట అనుమతించుట యను క్రియనుండి వచ్చినది. ‘ప్రావిడెంటు’ అనగా ముందుచూపు గల యని యర్థము. ముందుచూపు లేనివాడు ‘ఇంప్రావిడెంటు’. ‘డిడక్షను’ అనగా జీతమునుండి కోత; అదే మాటకు తెలిసిన విషయములనుండి తెలియనిదానిని తర్కించి తేల్చుట యనియు నర్థము గలదు. వాణిజ్య పరిభాషకు గల 10 మార్కులలో ఇట్టి మాటలు పనికివచ్చును.

అయితే ఒక హెచ్చరిక. చుట్టరికము చూచి మోసపోరాదు. ‘ఇన్’ చేరిన ప్రతిపదమును వ్యతిరేకార్థము నీయదు. గనులలో ‘ఇన్‌ఫ్లేమబుల్’ వాయువనగా మండనిదని తలంచిన ప్రాణమునకే ముప్పు, అది మండునట్టిదే. ‘ఫ్లేమబుల్’ అన్నను అదియే యర్థము. ‘ఇన్‌వాల్యుబుల్’ అనగా విలువలేనిది కాదు, వెలకట్టరానిది. సమానార్థక, వ్యతిరేకార్థక ప్రశ్నలలో ఇట్టి పదములే యుచ్చులు.

పదములకై ఒక నోటుపుస్తకము నుంచుకొనవలెను. దినమునకు ఐదు పదములు చాలును. వారమున ఆరు దినములు వ్రాసి, ఆదివారము కొత్తవి చేర్చక పాతవానిని తిరుగవేయవలెను. పండ్రెండు వారములకు 360 పదములగును. పదమునకెదురుగ తెలుగు అర్థము మాత్రము వ్రాసి ఊరకుండరాదు. దాని వ్యతిరేకపదమును, దాని కుటుంబములోని మఱియొక పదమును, స్వంతముగా కూర్చిన చిన్న వాక్యమును వ్రాయవలెను. ఆ వాక్యము తన యింటిని గూర్చియో, వీథిని గూర్చియో యైనచో మఱవు రాదు. చేతి ఫోనులో నిఘంటువు కలదు, నిజమే. కాని క్రొత్తపదము కనబడగనే దానిని తెఱవక, సందర్భమునుబట్టి అర్థము నూహించి, పిమ్మట సరిచూచుకొనవలెను. పరీక్షాశాలలో నిఘంటువుండదు, ఊహయే యుండును.

ఇక చదివి గ్రహించుట. ఇందు గనిబిడ్డకు కలుగు చిక్కు మఱియొక విధమైనది. ఆంగ్లమున ఒక ఖండిక యిచ్చినా రనుకొందము. దాని సారమును తెలుగున చెప్పెదము. ‘పూర్వము బ్రిటనులోని బొగ్గుగనులకు కనారీ పక్షులను పంజరములలో తీసికొనిపోయెడివారు. విషవాయువు మనుష్యులకు తగులుటకు ముందే ఆ చిన్నపక్షి సొమ్మసిల్లెడిది. దానిని చూచి పనివారు వెలుపలికి వచ్చెడివారు. 1986లో పక్షులకు బదులు వాయువును కనిపెట్టు యంత్రముల నుంచుటకు నిర్ణయించిరి. పక్షులతో ఈలవేసి మాటాడు అలవాటు గల గనివారికి ఆ మార్పు కష్టముగ తోచినది.’

దీనిపై ప్రశ్న: ఈ ఖండికనుబట్టి ఏది నిజము? మొదటి జవాబు, కనారీ విషవాయువును పోగొట్టును. రెండవది, ఆ వాయువునకు వాసన లేదు. మూడవది, పనివారికి పక్షులపై మక్కువ యుండెను. నాలుగవది, యంత్రములు పక్షులకంటె చవుక.

గనికార్మికుని కూతురు రెండవదానిని గుర్తించుటకు ఉబలాటపడును. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదని ఆమె తండ్రివలన విని యుండును. అది లోకమున సత్యమే. కాని ఖండికలో ఆ మాట లేదు. నాలుగవది నిజమైనను కావచ్చును, అదియు ఖండికలో లేదు. మొదటిది ఖండికకు విరుద్ధము, ఏలయన పక్షి వాయువును తెలుపును గాని పోగొట్టదు. మక్కువ యను మాట ఖండికలో లేకపోయినను, ఈలవేసి మాటాడుటయు, మార్పు కష్టముగ తోచుటయు నుండుటచే మూడవదే జవాబు. వ్రాసినదానినుండి పుట్టిన యూహకును, మనకు వేఱుగా తెలిసియుండుటకును భేదమిదియే. పదములకు ఇంటిని తోడు తెచ్చుకొనవలెను. ఖండికను చదువునపుడు మాత్రము ఇంటిజ్ఞానమును గడపవద్ద నుంచి రావలెను.

ప్రతి ఖండిక క్రిందను ఇంచుమించు ఇవే తీరుల ప్రశ్నలుండును: ముఖ్యాభిప్రాయ మేది, ఫలానా సంగతి యెచ్చట చెప్పబడినది, ఈ పదమున కిచ్చట నర్థమేమి, దీనినుండి ఏమి యూహింపవచ్చును, తగిన శీర్షిక యేది. ముందు ప్రశ్నలను ఒకసారి కన్నువేసి, పిమ్మట ఖండికను ఆపక చదివి, జవాబు గల వాక్యమును వ్రేలితో చూపగలిగిననే గుర్తింపవలెను. ‘ఎల్లప్పుడు’, ‘ఎన్నటికిని’, ‘మాత్రమే’ అను గట్టిమాటలు గల జవాబులను అనుమానముతో చూడవలెను. ఖండికలో ‘కొందఱు’ అని యుండగా జవాబులో ‘అందఱు’ అని యుండుట తఱచైన మోసము.

అభ్యాసమునకు పెద్ద పుస్తకములు కొననక్కఱలేదు. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతివఱకు గల ఆంగ్లవాచకములు తమ్మునివో చెల్లెలివో ఇంటనే యుండును. నెలదినములు వానిని చదివి, తరువాత ఆంగ్ల వార్తాపత్రికలోని చిన్న వ్యాసములకు పోవలెను. పరీక్ష కంప్యూటరు తెరపై జరుగును గనుక వారమున కొకసారియైన తెరపై చదువుట అలవాటు చేసికొనవలెను.

కాలమును గూర్చి ఒక చిన్న లెక్క. 200 ప్రశ్నలకు 150 నిమిషములనగా ప్రశ్నకు 45 సెకండ్లు. 50 ఆంగ్లప్రశ్నలకు 37 నిమిషములన్నర. పదములు, పరిభాష, వ్యాకరణము కలసి 35 ప్రశ్నలు. అవి తెలిసిన తెలియును, లేనిచో ఎంతసేపు చూచినను తెలియవు. వానిని అర నిమిషమున కొకటి వంతున ముగించిన 17 నిమిషములన్నర పట్టును. మిగిలిన 20 నిమిషములు మూడు ఖండికలకు చాలును. తప్పునకు దండుగ లేదు గనుక ఏ ప్రశ్నను విడువరాదు. నాలుగు జవాబులలో రెండు కావని తోసివేయగలిగినచో మిగిలినదానిలో సగము గెలిచినట్లే.

ఇప్పుడు తల్లులతో ఒక మాట. ‘మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి సాయము చేయగలము’ అనవద్దు. బిడ్డ ఒక ఖండిక చదివిన పిమ్మట పొయ్యివద్దనే కూర్చుండబెట్టుకొని, ‘అందేమున్నదో నాకు రెండు మాటలలో చెప్పు’ అని యడుగుడు. ఆమె తెలుగున మీకు తెలియునట్లు చెప్పగలిగినచో గ్రహించినట్లు. తడబడినచో మఱల చదువుమనుడు. ఆంగ్లమెఱిగిన గురువుకంటె ఎఱుగని తల్లియే ఈ పరీక్షకు మేలు, ఏలయన ఆమెవద్ద ఆంగ్లపు మాటలను వల్లించి తప్పించుకొన వీలుపడదు.

ఇంకొకటి, బిడ్డకు దినమున కొక గంట నియ్యుడు. రాత్రిషిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించుచుండగా ఇల్లెల్ల నిశ్శబ్దముగ నుండును. ఆ వేళ టెలివిజను మ్రోగదు, పిల్లలు అఱవరు. చదువునకు అంతకంటె మంచి వేళ యేది? కాని ఆ వేళనే అంట్లు, బట్టలు, నీళ్ళు అను పనులన్నియు ఆడపిల్ల మీద పడుట మనము చూచుచున్నాము. పట్టభద్రుడైన కుమారుడు పరీక్షకు చదువుచున్నాడన్న గ్లాసెడు టీ అందింతుము; కూతురు చదువుచున్నదన్న ‘ఈ బిందె దింపి చదువుకొమ్మ’ందుము. ఆ బిందెను ఆ గంటసేపు అన్నయో తమ్ముడో మోసిన ఇంటి గౌరవమునకు భంగమేమియు రాదు. పెండ్లియై, ఇంటనుండి సార్వత్రిక విశ్వవిద్యాలయమున పట్టము పొందిన సోదరీమణులును ఈ పరీక్షకు యత్నింపవచ్చును. వారికి ఆ గంటను భర్తలు, అత్తలు కల్పింపవలెను.

50 మార్కులలో మొదటి నెల అభ్యాసమున 15 వచ్చినను నిరాశపడవద్దు. తప్పిన ప్రతి ప్రశ్న ప్రక్కను ‘పదము తెలియక’ అనియో, ‘తొందరపడి’ అనియో, ‘ఖండికలో లేనిదానిని ఊహించి’ అనియో కారణమును వ్రాసికొనుడు. నెల గడచునప్పటికి ఏ కారణమెక్కువగ నున్నదో ఆ పుటయే చెప్పును. మఱుసటి నెల ఆ లోపముమీదనే పనిచేయుడు.

ఆంగ్లభాగములో మిగిలిన వ్యాకరణపు 15 మార్కులను గూర్చి వచ్చు సంచికలో వ్రాసెదము. అందాక ఈ పుట చదివిన బాలికలు నేటి రాత్రియే నోటుపుస్తకము తెఱచి, తండ్రి జీతపు చీటినుండి మొదటి ఐదు పదములను ఎత్తి వ్రాసికొందురుగాక.