పౌరసత్వం, ప్రమాణం, మనస్సాక్షి

జడ్చర్ల, మహబూబ్‌నగర్ సంఘాల్లో ప్రార్థన విన్నపాలు మారాయి. ఒకప్పుడు వానల కోసం, బొంబాయి వలస పోయినవాళ్ల క్షేమం కోసం మోకరించేవాళ్లం. ఇప్పుడు అబ్బాయి వీసా, అమ్మాయి గ్రీన్‌కార్డు, అల్లుడి పౌరసత్వం కూడా వాటిలో చేరాయి. తప్పు లేదు. అయితే అది రావాలని ప్రార్థించే మనం, దరఖాస్తులో ఏం రాశారని పిల్లల్ని ఎప్పుడైనా అడిగామా?

ఈ ప్రశ్న ఎంత దూరం పోతుందో వేములవాడ కేసు చూపించింది. జర్మనీ పౌరుడైన చెన్నమనేని రమేశ్ 2008 మార్చిలో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారు. 2009 ఫిబ్రవరిలో మంజూరైంది. ఆ ఏడాదే ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకు ముందు 12 నెలలు వరుసగా దేశంలో ఉండాలన్నది చట్టం. ఆ నిబంధన నెరవేరలేదని, నిజం దాచారని ఆది శ్రీనివాస్ పోరాటానికి దిగారు. కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లి తిరిగి వచ్చాక, 2019లో మళ్లీ రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసి, ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చింది. 30 లక్షల రూపాయలు కట్టమంది. అందులో 25 లక్షలు శ్రీనివాస్‌కు. రాజకీయం సంగతి అలా ఉంచుదాం. పదిహేనేళ్ల వ్యాజ్యమంతా ఒక కాగితం మీద చెప్పిన మాట చుట్టూనే తిరిగింది.

విశ్వాసులు పరలోకానికి చెందినవారు కదా, ఈ లోకపు కాగితాలదేముంది అనేవారు మనలో లేకపోలేదు. పౌలు అలా అనుకోలేదు. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో కొరడాలతో కొట్టడానికి కట్టినప్పుడు, తాను రోమీయుడినని శతాధిపతికి చెప్పాడు. సహస్రాధిపతి తన పౌరసత్వాన్ని చాలా సొమ్ము పోసి కొన్నాడు. పౌలుకు అది పుట్టుకతో వచ్చింది. రోమా వలస పట్టణమైన ఫిలిప్పీలోని సంఘానికి పరలోక పౌరస్థితిని గురించి రాసింది కూడా ఈ పౌలే. హక్కును అడిగి తీసుకున్నాడు గాని దానికోసం అబద్ధమాడలేదు.

నిజం చెప్పి నష్టపోయినవారూ ఉన్నారు. డగ్లస్ క్లైడ్ మాకింతోష్ కెనడాలో పుట్టిన బాప్టిస్టు బోధకుడు, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వేదాంత ఆచార్యుడు. పాలమూరులో, నల్లగొండలో సంఘాలు స్థాపించింది బాప్టిస్టు మిషనరీలే కాబట్టి ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా సైన్యానికి చాప్లిన్‌గా పనిచేశాడు, పిరికివాడు కాడు. అమెరికా పౌరసత్వం కోరినప్పుడు, దేశం కోసం ఆయుధం పడతావా అని అడిగారు. ఆ యుద్ధం న్యాయమని నా మనస్సాక్షికి తోస్తేనే పడతానన్నాడు. ఊ అంటే పోయేది. అనలేదు. 1931లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయనకు పౌరసత్వం నిరాకరించింది. నలుగురు న్యాయమూర్తులు ఆయన పక్షాన నిలిచారన్నది మరువరాదు.

పదిహేనేళ్లకు ఆ నలుగురి మాటే నెగ్గింది. సెవెంత్ డే అడ్వెంటిస్టు అయిన జిరార్డ్ అనే కెనడియన్, సైన్యంలో సేవ చేస్తాను గాని ఆయుధం ముట్టనన్నాడు. 1946లో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చి, పాత తీర్పును పక్కన పెట్టింది. 1952 చట్టం ఆ వెసులుబాటును రాతలో పెట్టింది. మత విశ్వాసాన్ని బట్టి ఆయుధం పట్టలేనివారికి ప్రమాణంలో ఆ మాటలు తగ్గిస్తారు.

అందుకే నేటికీ అమెరికా దరఖాస్తులో మూడు ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: ఆయుధం పడతావా, ఆయుధం లేని సేవ చేస్తావా, దేశానికి అవసరమైన పని చేస్తావా అని. మన పిల్లలు చాలామంది లాయరు చెప్పినట్టు మూడింటికీ అవునని టిక్కు పెట్టి పంపేస్తారు. నిజంగా అవునైతే సరే. కాదనుకునేవాడికి ఆ గడి ఖాళీగా ఉంచినది, ఇద్దరు విశ్వాసులు కోర్టు మెట్లెక్కినందువల్లనే. ఈసారి ఫోను చేసినప్పుడు ఆ మూడు ప్రశ్నలూ చదివావా అని అడగండి. ఎన్ని రోజులు దేశం బయట ఉన్నావో లెక్క సరిగా రాశావా అని కూడా.