సౌరఘటముల యాయుర్దాయము

ముదినేపల్లి ప్రాంతమున చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎన్నో గలవు. వాని గట్లపై తాటాకు కప్పిన కాపలా పాకలును గలవు. గాజు పలకతో గూడిన సిలికాను సౌరఫలక మొక్కొక్కటి 20 కిలోలకు పైబడి తూగును. ఈ పాకలు దానిని మోయజాలవు. కాగితమువలె పలుచనై, చాపవలె చుట్టి తెచ్చి పఱచదగిన సౌరపటము దొరకినచో వీనికిని వెలుగు వచ్చును. కర్బన పదార్థములతో చేయు సౌరఘటములపై శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న యాశ యిదియే. మన పత్రిక అచ్చగునట్లే వానిని ద్రావకమున కరగించి అచ్చువేయవచ్చును. (చెరువులలోని ఏరియేటర్లకు తెల్లవారుజాముననే హెచ్చు పని, వానిని సూర్యునిపై విడువుమని మేము చెప్పుట లేదు.)

ఈ ఘటములకు సామర్థ్యము చాలదను మాట నేడు సగమే నిజము. 1986లో కోడాక్ సంస్థయందలి చింగ్ టాంగ్ అను శాస్త్రజ్ఞుడు రెండు పొరల ఘటమును ప్రకటించినపుడు, పడిన వెలుగులో నూటికి సుమారు 1 వంతే విద్యుత్తయ్యెను. వెలుగు సోకగా పుట్టెడి ధన ఋణావేశముల జంట మిల్లీమీటరులో కొన్ని లక్షవ వంతుల దూరము పోవులోపలనే విడిపోవలయును. లేనిచో మరల కలిసి నశించును. అందుచేత దాత, గ్రహీత యను రెండు పదార్థములను అతిసూక్ష్మముగ కలిపి యొకే పొరగా పోయు పద్ధతి 1990 దశకమున ప్రబలినది. 2019లో చైనావారి వై6 అను గ్రహీతతో సామర్థ్యము నూటికి 15 దాటెను. నేడు ప్రయోగశాలలలో 20 వఱకు వచ్చినది. అయితే ఇట్టి యంకెలు తఱచుగ గోటియంత ముక్కపై కొలిచినవి.

మా సందేహము ఆయుర్దాయమును గూర్చి. వెలుగును త్రాగు రంగును వెలుగే తినును. పెడన కలంకారీ యద్దకపువారికి ఇది క్రొత్త సంగతి కాదు. పటిక పట్టింపని యెఱుపు నిలువదని వారెఱుగుదురు. ఘటములో చిక్కులింకను హెచ్చు. వేడిమికి దాతయు గ్రహీతయు మెల్లగా వేరుపడును. తేమయు, ప్రాణవాయువును అంచులనుండి చొచ్చి లోహపు పొరను చెఱచును. ఆవేశములను తరలించుటకై వేసిన జింకు ఆక్సైడు పొరయే అతినీలలోహిత కిరణములు సోకినపుడు ప్రక్కనున్న గ్రహీతను విఱుగగొట్టుచున్నది. కంచెయే చేను మేయుట యనగా నిదియే!

2021లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు ఆ పొరకును గ్రహీతకును నడుమ పలుచని రక్షణపొర వేసి, ఆ కిరణములను వడగట్టి, 30 సంవత్సరములు మించిన యాయువును లెక్కగట్టిరి. స్తుత్యమైన కృషి. కాని ఆ ఘటములు 30 ఏండ్లు ఎండలో నుండినవి కావు. ఎండకు అనేక రెట్లు తీక్ష్ణమైన దీపముల క్రింద అవి క్షీణించిన వేగమును బట్టి గుణించినది. మా న్యాయవాద వృత్తిలో దీనిని అనుమాన ప్రమాణమందురు, ప్రత్యక్ష సాక్ష్యమనరు. పైగా గాజుతో మూసినచో తేమ చొరదు గాని, గాజు వేసిన పిమ్మట పలుచదన మెక్కడ? పాక మరల మోయలేనిదే యగును.

సౌరఫలకములను 85 డిగ్రీల వేడిమిలో, నూటికి 85 వంతుల తేమలో 1,000 గంటలుంచి పరీక్షించు నియమము గలదు. అది కొలిమి పరీక్ష. దివిసీమ యుప్పుగాలి, శ్రావణ భాద్రపదముల ముసురు, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నెఱిగిన యీ తీరపు గాలివాన అందులో లేవు. జాతీయ సౌరశక్తి సంస్థ గురుగ్రామమున, సముద్రమునకు దూరముగ నున్నది. హైదరాబాదులో 1944లో పుట్టి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్న ప్రయోగశాలలో ఇట్టి యణువులపై కృషి జరుగుచున్నది. మచిలీపట్టణమున 2008లో వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయము గలదు. హైదరాబాదులో చేసిన పటములు మచిలీపట్టణపు మేడలపై ఎండవలయునని మేము కోరుచున్నాము. ఇందులకు కోట్లు వలదు. ఇనుప చట్రము, కొలమానము, నిత్యము వ్రాయు పుస్తకము, జీతము గల ఇద్దఱు విద్యార్థులు చాలుదురు. 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని స్థాపించి శాస్త్ర పరికరములు చేసిన పట్టణమునకు ఇది బరువు కాదు. రాష్ట్ర ప్రభుత్వము వ్యయము భరింపవలయును. ఐదు వర్షాకాలములు గడచువఱకు ఏ పటమును రైతునకు అంటగట్టరాదు. ప్రతిమాసపు లెక్కయు ప్రజలకు తెలుపవలయును; చెడిపోయినవాని లెక్క ముందు తెలుపవలయును. పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.