నోట్లోకి టార్చి వెయ్యని వైద్యం

"ఏజెన్సీవాళ్ళు ముదిరిపోయాకే వస్తారండీ, అవగాహన లేదు." క్యాన్సర్ మాట ఎత్తితే చాలు, ఈ జవాబు రెడీగా ఉంటుంది. సరే. ముదరక ముందు వాళ్ళ నోరు తెరిపించి చూసినవాళ్ళెవరు?

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం పల్లెల్లోనూ, మన కొండ గూడేల్లోనూ ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటుంది. చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. వేడీ పొగా తిన్నగా అంగిలికే తగులుతాయి. వేరే చోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ ఇక్కడ రావడానికి కారణం అదే. ఇది కొత్త విషయమేం కాదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. యాభై ఏళ్ళు దాటింది. పరిశోధనకి పనికొచ్చిన నోళ్ళు వైద్యానికి పనికిరాలేదా?

ఈ జబ్బు తొలిరోజుల్లో నొప్పి పెట్టదు. అసలు మోసం ఇక్కడే ఉంది. నొప్పొస్తే ఆస్పత్రికెళ్దాం అనుకునేవాళ్ళకి అది టైం ఇవ్వదు. అంగిట్లో తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, గరుగ్గా తగిలే బుడిపె కనబడితే అనుమానించాల్సిందే. ఎర్ర మచ్చైతే ఇంకా ప్రమాదం. కారణం లేకుండా పన్ను కదలడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, గొంతు మారడం, మింగుడు పడకపోవడం, మెడలో గట్టి గడ్డ, ఇవన్నీ కూడా గుర్తులే. నాలుక అద్దంలో కనబడుతుంది గానీ అంగిలి కనబడదు. తల వెనక్కి వాల్చి, ఇంకొకరు సెల్‌ఫోన్ లైటు వేసి చూడాలి. కోడలు అత్తకి చూడొచ్చు, అక్క చెల్లికి చూడొచ్చు.

ఈ గుర్తుల్లో చాలావరకు సర్కారు కాగితం మీదే ఉన్నాయి! 30 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం ఆశా కార్యకర్త నింపే ఫారంలో మచ్చ ఉందా, మానని పుండుందా, గొంతు మారిందా అనే ప్రశ్నలున్నాయి. ఫారాలు నిండుతున్నాయి, ఆన్‌లైన్‌లో ఎక్కుతున్నాయి. అందులో నోరు చూసి నింపినవెన్ని? ఆశా అక్కల్ని తప్పు పట్టడం లేదు. టార్గెట్ ఇచ్చి టార్చి ఇవ్వని పైవాళ్ళనే అడుగుతున్నాం. ప్రశ్నలు కువిలోనో, సవరలోనో, ఆదివాసీ ఒడియాలోనో అడిగితే కదా ముసలమ్మకి అర్థమయ్యేది!

పుండు చూపిస్తే "వేడి చేసిందమ్మా" అని బీకాంప్లెక్స్ గోళీలిచ్చి పంపడం మనకందరికీ తెలిసిందే. ఒకసారి ఇస్తే ఇచ్చారు. రెండు వారాలకీ మానకపోతే మళ్ళీ అవే గోళీలా? ముక్క తీసి పరీక్షకి పంపాలి. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని, భాష రాని చోట ఒకసారి ముక్క ఇవ్వడానికి, ఇంకోసారి రిపోర్టుకి, మరోసారి డాక్టరు కోసం తిరగాలి. మధ్యలో ఆగిపోతే దానికి "అవగాహన లోపం" అని పేరు పెడతారు.

ఇంకొందరొచ్చి చుట్ట మానమని తిట్టి పోతారు. మానాల్సిందే, అనుమానం లేదు. మానేస్తే తొలి మచ్చలు కొందరికి తగ్గుతాయి కూడా. కానీ తిట్లు తిన్న మనిషి రెండోసారి నోరు చూపించదు.

ముక్క తీస్తే పాకిపోద్దన్న భయం మనలోనూ ఉంది. అది నిజం కాదు. ఆలస్యమైతేనే ఎముకలోకి పోతుంది. అప్పుడు అంగిలే తీసెయ్యాల్సొస్తే తిన్న గంజి ముక్కులోంచి వస్తుంది, దానికి అడ్డంగా ప్లేటు పెట్టుకోవాలి.

ప్రతి పీహెచ్‌సీలో నెలకోరోజు నోటి పరీక్ష పెట్టాలి. ముక్క తీసే పని ఏరియా ఆస్పత్రిలోనే జరగాలి. విశాఖకి పంపితే ఐటీడీఏ బండి, మన భాష వచ్చిన మనిషి తోడుండాలి. ఈ వారం గూడెంలో చుట్ట తాగే పెద్దవాళ్ళందరి నోళ్ళూ చూడండి. అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కడా పోస్ట్ చెయ్యకండి, వాళ్ళని వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. గోళీలిచ్చి పంపేస్తామంటే, ముక్క పరీక్షకి ఎందుకు పంపడం లేదో చీటీ మీద రాసిమ్మనండి.