నెయ్యిని ఎవరూ అడగని ప్రశ్న

నెయ్యి కూడా జంతువు కొవ్వే. ఆవు పొదుగులోంచో, బర్రె పొదుగులోంచో పిండిన కొవ్వు. 2024 సెప్టెంబర్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఊగిపోయినప్పుడు ఈ చిన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తిరుమల లడ్డూకి వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆరోపించారు. కొండ మీద శాంతి హోమం చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ప్రత్యేక దర్యాప్తు బృందం పడింది. కల్తీ సంగతి దర్యాప్తు చూసుకుంటుంది. నేను మాట్లాడేది ఆ రోజుల్లో పొంగిన అసహ్యం గురించి. జంతువు నుంచి వచ్చిందన్న అసహ్యమైతే అసలు నెయ్యి మీదే రావాలి. పొదుగులోంచి వచ్చింది ప్రసాదమైంది, చర్మం కిందినుంచి వచ్చింది మైల అయింది. ఆ గీతకు ఇటు ఎవరిని నిలబెట్టారో, అటు ఎవరిని నెట్టారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఇది ఎందుకంటే, ఈ మధ్య మన పిల్లలు కొందరు వీగన్ల మాటలు వింటున్నారు. ఆ వీడియోలు చూసి నిద్రపట్టని వాళ్లున్నారు. మొన్న ఒక విద్యార్థి అడిగాడు, "సార్, నేను వీగన్ అయితే మనోళ్లు నన్ను ఏమనుకుంటరు?" అని. ప్రశ్న నిజాయితీగా ఉంది. దానికి వెటకారం జవాబు కాదు. కాబట్టి ఈసారి దీని మీదే రాస్తున్నాను.

ముందు మాటలు తేల్చుకుందాం. మన దేశంలో వీగన్ అనగానే శాకాహారి అనుకుంటారు. రెండూ ఒకటి కావు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఈ మాటను పుట్టించిందే శాకాహారులతో పేచీ వచ్చి. ఆ పేచీ పాల దగ్గర వచ్చింది. మాంసం మానేసి పాలు తాగితే జంతువును వాడుకోవడం ఆగినట్టు కాదన్నారు వాళ్లు. వీగన్ అంటే పాలు, పెరుగు, నెయ్యి, తేనె, గుడ్డు ఏదీ ముట్టరు. తోలు చెప్పులు, పట్టుబట్టలు వాడరు. బోనులో జంతువును చూడ్డానికి టికెట్ కొనరు. ఈ లెక్కన ఊరి పంతులుగారి ఇల్లు వీగన్‌కు ఎంత దూరమో మాదిగ వాడ కూడా అంతే దూరం. ఇంకా నిజం చెప్పాలంటే వాడే దగ్గర. అక్కడికి మళ్లీ వస్తాను.

నేను పాఠం చెప్పేది బహదూర్‌పురాలో. ఇక్కడ ఒక వైపు రామ్నాస్‌పురాలో కార్పొరేషన్ కబేళా ఉంది. ఇంకో వైపు 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్క్ ఉంది. జూలో పులికి, సింహానికి పెట్టేది పెద్దకూరే. సెలవు రోజు వస్తే నగరం నలుమూలల నుంచి కుటుంబాలు దిగుతాయి, అందులో గుడ్డు కూడా ముట్టనివాళ్లు ఉంటారు. పులి ఏం తిని బతుకుతున్నదని ఒక్కరూ ముక్కు మూసుకోరు. అదే కూర మన టిఫిన్ డబ్బాలో కనబడితే బెంచీ ఖాళీ అవుతుంది. అద్దె ఇంట్లో ఉడికితే ఇల్లే ఖాళీ చేయాల్సి వస్తుంది. పులికి కులం లేదు, అంతే తేడా.

సరే, కబేళాకు వచ్చే బర్రె ఎక్కడిది? అది పాల ఇంటి నుంచే వస్తుంది. బర్రె ఈనితేనే పాలిస్తుంది. ఈనిన ప్రతిసారీ ఆడదూడ పుట్టదు. మగదూడ పాలివ్వదు, ట్రాక్టర్ వచ్చాక దుక్కికీ దాని అవసరం లేదు. దాని వాటా పాలు కూడా క్యాన్‌లోకి పోతాయి. కొన్ని ఈతలు అయ్యాక తల్లి బర్రె కూడా వట్టిపోతుంది. పాలు తగ్గినంత మాత్రాన మేత ఖర్చు తగ్గదు. అప్పుడు దారి సంతకు, సంత నుంచి కబేళాకు. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. అందులో దాదాపు సగం బర్రె పాలు. బర్రె మాంసం ఎగుమతిలోనూ మనం ముందు వరసలోనే ఉన్నాం. ఈ రెండు గొప్పలూ ఒకే బర్రెవి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ఆవును కోయొద్దంటుంది. బర్రెను, దున్నను, ఎద్దును కోయాలంటే ముందు ధ్రువపత్రం కావాలి. ఆ పశువు ఇక పాలకు, ఈతకు, వ్యవసాయానికి గిట్టుబాటు కాదని అందులో రాయాలి. అంటే పిండుకోవడం పూర్తయిందని కాగితం రాస్తేనే కత్తి లేస్తుంది. ఆ కాగితం మీద కనిపించేది కసాయి పేరు. పాలు తాగిన ఇళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు.

మన సమాజం పని పంచినట్టే పాపాన్నీ పంచింది. పాలు, నెయ్యి ఒకరికి. కళేబరం, తోలు, ఎముక, దుర్వాసన ఇంకొకరికి. పాతబస్తీలో కత్తి పట్టేది కురేషీ. ఊళ్లో చచ్చిన గొడ్డును ఈడ్చేది మాదిగ. 2016 ఆగస్టులో అమలాపురంలో ఏం జరిగిందో గుర్తుందా? కరెంటు తగిలి చనిపోయిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు కట్టేసి కొట్టారు. ఆవు వాళ్ల చేతిలో చావలేదు. ఆ చావుతో వాళ్లకు సంబంధమే లేదు. అయినా దెబ్బలు వాళ్లకే. ఆ మరుసటి ఏడు మే నెలలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, సంతలో పశువును కోతకు అమ్మకూడదని. వాటి మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో హైదరాబాద్ కురేషీలు ఉన్నారు. దేశమంతా ఆ నిబంధనల అమలు ఆగింది. వట్టిపోయిన బర్రెను ఏం చేయాలో ఆ నిబంధనలు రాసినవాళ్లు చెప్పలేదు. డెయిరీని ఆపమని అసలే చెప్పలేదు.

అందుకే నా మొదటి మాట ఇది. ఈ దేశంలో వీగన్ వాదం నిజాయితీగా నడవాలంటే అది నెయ్యి దగ్గర మొదలుకావాలి. అభిషేకానికి పోసే పాలను, పెళ్లిపందిట్లో పట్టుచీరను అడగాలి. పట్టుకాయలో పురుగును బతికుండగానే ఉడకబెడతారు. ఆ ఇళ్లను అడగకుండా పొద్దున్నే కసాయి కొట్టు ముందు ప్లకార్డు పట్టుకునేవాడికి జంతువు మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు. ధైర్యం మాత్రం లేదు.

ఇక మన ఇంటి సంగతి. మన అమ్మమ్మలు వారంలో ఆరు రోజులు ఏం తిన్నారు? జొన్నరొట్టె, ఎర్రకారం, పచ్చిపులుసు, అంబలి, చేన్లో దొరికిన ఆకుకూర. పాలు, నెయ్యి ఆ గడప తొక్కిందెప్పుడు? మజ్జిగ కావాలంటే దొర ఇంటి ముందు ముంత పట్టుకుని నిలబడాలి. ఇప్పటి మాటలో చెప్పాలంటే వాళ్లు వీగన్లే. అది వాళ్లు ఎంచుకున్నది కాదు. చేతికి అందనిదాన్ని వదులుకోవడం ఎవరికీ కుదరదు. పెద్దకూర, ఎండబెట్టిన తునకలు ఆ ఆకలికి దొరికిన బలం. ఇప్పటికీ ఆ ఆకలి పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఈ లెక్క ముందు పెట్టుకుని హాస్టల్ పిల్లల పళ్లెంలోంచి గుడ్డు తీసేయమనేవాళ్లను నేను జంతుప్రేమికులని పిలవలేను.

ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న పెద్దకూర పండుగ జరిగింది ఇందుకే. మా తిండి కూడా ఈ యూనివర్సిటీ తిండే అని చెప్పడానికి. దాని మీద దాడులు జరిగాయి. 2023లో ఐఐటీ బాంబేలో మెస్‌లో శాకాహారులకు విడిగా బల్లలు వేస్తే, అది అంటరానితనమేనని నిరసన తెలిపిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. ఈ పోరాటం ఇంకా అయిపోలేదు. దీన్ని వదలాల్సిన పని లేదు.

అయితే మిత్రులారా, ఇక్కడ ఆగితే మనం సగమే మాట్లాడినట్టు. పెద్దకూర పండుగ మన తిండిని నిషేధించేవాడికి జవాబు. బర్రెకు అది జవాబు కాదు. "నన్ను ఎందుకు" అని బర్రె అడిగితే "బ్రాహ్మణీయం వల్ల" అని మనం చెప్పలేం. నా విద్యార్థి అడిగింది ఈ రెండో ప్రశ్న. దానికి మన దగ్గర సరుకు లేదా? చాలా ఉంది.

1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ మనవాళ్లను చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు, కళేబరాలు ఈడ్వడం మానమన్నారు. అదే మహద్ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనుషులమైన మనం తాగకూడదు. 1948లో ఆయన రాసిన 'అంటరానివారు' గ్రంథంలో ఇంకో మానడం గురించి ఉంది. ఒకప్పుడు గోమాంసం తిన్న బ్రాహ్మణులు బౌద్ధం మీద పైచేయి కోసం దాన్ని మానేశారని, తింటూ ఉన్నవాళ్లు అంటరానివాళ్లయ్యారని ఆయన వాదన. రెండు చోట్లా జనం మాంసం మానారు. ఒకరు ఇంకొకరి మీదికి ఎక్కడానికి మానారు. ఇంకొకరు తమ కాళ్ల మీద తాము నిలబడటానికి మానారు. మన కులాల్లో కొందరు పెద్దకూర మాని, తినేవాళ్లతో వియ్యం కూడా మానుకున్న కథలు మనకు తెలుసు. అది మొదటి రకం. దాన్ని ఎంత కొత్త పేరుతో పిలిచినా నేను ఒప్పుకోను.

1956లో నాగపూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద కరుణ చూపాలన్నది కూడా ఉంది. జై భీమ్ అన్న ప్రతిసారీ దాన్ని దాటేసి పోలేం. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన అహింసను వివరిస్తూ నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం నిన్ను కట్టేస్తుంది. సూత్రం ఆలోచించి నడుచుకునే స్వేచ్ఛ ఇస్తుంది. అహింస బుద్ధుడికి సూత్రం. ఆయన యజ్ఞంలో పశుబలిని ఎదిరించాడు, భిక్షలో పడ్డ మాంసాన్ని కాదనలేదు. ఎవరి వంటగదికీ తాళం వేయలేదు.

తెలుగు చదువుకున్నవాడిగా ఇంకొకటి కలుపుతాను. 1941లో జాషువా 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అక్కడ జంతువు పూజ్యమూ కాదు, నీచమూ కాదు. ఇరుగుపొరుగు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు ఈ దారిలో చాలా దూరం నడిచారు. బ్రీజ్ హార్పర్ 2010లో 'సిస్టా వీగన్' తెచ్చింది. ఆఫ్ కో, సిల్ కో అనే అక్కచెల్లెళ్లు 2017లో 'ఆఫ్రో-ఇజం' రాశారు. కొందరు మనుషులను "జంతువులు" అని ముద్రవేసి హింసించే ఆలోచనకూ, జంతువును హింసించే ఆలోచనకూ వేరు ఒకటేనని వాళ్ల వాదన. తెల్లవాళ్ల అనుమతి అడగకుండా, తమ చరిత్ర మీద నిలబడి చెప్పారు. మనమూ అలా చెప్పొచ్చు.

కాబట్టి తమ్ముడూ, నీకు అనిపిస్తే వీగన్ అవ్వు. బాదం పాలు, టోఫు కొనాల్సిన పని లేదు. పల్లీలు, నువ్వులు, పప్పులు, జొన్నలు, మునగాకు మన తిండే. విటమిన్ బి12 మాత్రం మొక్కల్లో దొరకదు, డాక్టర్‌ను అడిగి మాత్ర వేసుకో. అమ్మ వండిన కూరను తినకపోతే తినకు, ఆ గిన్నెను చూసి ముఖం తిప్పుకోకు. హాస్టల్ మెస్‌లో గుడ్డు కోసం పోరాడే జూనియర్ పక్కన నువ్వే ముందు నిలబడు. దప్పు తోలుతోనే మోగాలా అంటే ప్లాస్టిక్ దప్పులు కూడా వచ్చాయి, ఆ మాట కొట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడు, వాళ్లకు పాఠం చెప్పకు. నీ తిండిని చూపించి "ఇతను మిగతావాళ్లలా కాదు" అని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెప్పును అక్కడికక్కడే తిప్పికొట్టు. అది నీకిచ్చే మెప్పు కాదు, మీ అమ్మకు వేసే దెబ్బ.

మిగతా మిత్రులకు ఒక మాట. కరుణతో ఒక పిల్లవాడు కూర మానితే "బాపనోడివైనవా" అని ఎగతాళి చేయకండి. జంతువు మీద దయను బ్రాహ్మణులకు రాసిచ్చేయడానికి అది వాళ్ల ఆస్తి కాదు. వాళ్లు యజ్ఞంలో పశువును వేస్తున్న రోజుల్లో వద్దన్నవాడు మనవాడు.

జై భీమ్.